వంకలో పోసిన నీళ్లు

తొంభై ఎనిమిది వేసవిలో, రాజస్థాన్ ఎడారిలో అణుబాంబులు పరీక్షించారని తెలిసిన మరునాడు మా కాలేజీ స్టాఫ్ రూములో మైసూరుపాకు పంచారు. పరీక్షల డ్యూటీకి వచ్చిన లెక్చరర్లందరం తిన్నాం. ఇక మన దేశం వైపు ఎవడూ కన్నెత్తి చూడలేడని చరిత్ర చెప్పే ఆయన బల్ల గుద్ది మరీ చెప్పాడు. నేనూ ఒక ముక్క తీసుకున్నాను.

అప్పుడు నేను అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీలో పార్ట్ టైం లెక్చరర్‌ని. బి.ఏ. మూడో సంవత్సరం తెలుగు మీడియం పిల్లలకు అంతర్జాతీయ సంబంధాలు చెప్పేదాన్ని. జాతీయ శక్తి అంటే ఏమిటి, జాతీయ ప్రయోజనం అంటే ఏమిటి, ఒక దేశపు విదేశాంగ విధానాన్ని ఏవి నిర్ణయిస్తాయి, ఇవీ పాఠాలు. తాను కోరుకున్నది ఇంకో దేశం చేత చేయించగలగడమే శక్తి అని బోర్డు మీద రాసేదాన్ని. అది సైన్యంతో కావచ్చు, సాయం ఇచ్చో ఆపో కావచ్చు, మంచి మాటతో కావచ్చు. పిల్లలు తలలు వంచుకుని రాసుకునేవాళ్లు. వాళ్లలో చాలామంది మా వైపు చెనిక్కాయ అనే వేరుశనగ చేలల్లోంచి వచ్చినవాళ్లే. విదేశాంగ విధానం అంటే వాళ్లకు పరీక్షలో పది మార్కుల ప్రశ్న. నాకూ అంతకంటే పెద్దగా ఏమీ కాదు, ఆ నెలాఖరులో మా మేనత్త ఊరికి వెళ్లేదాకా.

అత్త ఊరు బత్తలపల్లె దాటి లోపలికి పోవాలి. మా నాయనకు ఆమె ఒక్కతే చెల్లెలు. నన్ను సగం పెంచింది ఆమే. మామ వానలు లేక సేద్యం విడిచి బెంగుళూరులో సెంట్రింగ్ పనికి పోయాడు. అత్త మాత్రం భూమిని వదలనని ఊళ్లోనే ఉండిపోయింది. ఊరి పక్కన, వాన పడితేనే పారే వంకకు అడ్డంగా అప్పట్లో చెక్ డ్యాం కడుతున్నారు. ఒక పరాయి దేశం ఇచ్చే సాయంతో ఆ పని. ఏ దేశమో ఇక్కడ చెప్పను. ఇంకే దేశమైనా అలాగే చేసి ఉండేదని ఇప్పుడు నా నమ్మకం. అత్త ఆ పనిలో రాళ్లు మోసేది. వంకలో నాలుగు రోజులు నీళ్లు నిలిస్తే కింద బావుల్లో ఊట పెరుగుతుందని, ఆ బావుల్లో ఒకటి తమదని ఆమె ఆశ.

నేను వెళ్లేసరికి పని ఆగిపోయి ఉంది. సగం లేచిన గోడ, పక్కన కంకర కుప్ప, సిమెంటు బస్తాలు ఎత్తుకుపోయిన చోట బూడిద రంగు మరకలు. ఎందుకు ఆపారని అడిగాను.

"ఏమో పాపా," అంది అత్త. "మేస్త్రీ వచ్చి ఇంక పనికి రావద్దండి అన్నాడు. వానలు పడేలోపల గోడ లేస్తే ఈ ఏడన్నా నీళ్లు నిలుస్తాయనుకుంటిమి."

టౌనుకు తిరిగొచ్చి కాలేజీ లైబ్రరీలో పాత పేపర్లన్నీ తిరగేశాను. బాంబులు పేల్చినందుకు కోపం వచ్చి కొన్ని ధనిక దేశాలు మన దేశానికి ఇస్తున్న సాయం ఆపేశాయని వాటిలో ఉంది. సాయం ఆపిన దేశాల్లో మా వంక మీద గోడ కట్టిస్తున్న దేశం కూడా ఉంది. ఆంక్షలు అన్న మాటను నేను ఎన్నోసార్లు క్లాసులో చెప్పాను. అదొక దేశం ఇంకో దేశాన్ని దారికి తెచ్చుకునే సాధనమని చెప్పాను. ఆ సాధనం వచ్చి తగిలేది ఎక్కడో నేనెప్పుడూ చెప్పలేదు, పుస్తకంలో లేదు కాబట్టి. వాళ్లు శిక్షించాలనుకున్నది ఢిల్లీని. ఢిల్లీలో ఎవరింట్లోనూ కుళాయి ఆగలేదు. ఆగింది మా అత్త మోసిన రాళ్ల గోడ.

ఇంకోసారి ఊరికి పోయినప్పుడు అత్తకు ఇదంతా విడమరిచి చెప్పాను. ఆమె నా మొహంలోకి చూసింది, వేళాకోళం చేస్తున్నానేమో అని.

"బాంబు యాడ, మా వంక యాడ?" అంది.

ఆ ఏడు ఒక పెద్ద వాన పడింది. వంక నిండా పారింది. సగం గోడ పక్కనుంచి నీళ్లన్నీ దాటుకుని పోయాయి. ఊరివాళ్లు గట్టున నిలబడి చూశారట. ఆ తర్వాత మళ్లీ అలాంటి వాన ఏళ్ల తరబడి రాలేదు. చెనిక్కాయ చెట్టు ఊడలు దిగి కాయ పట్టే వేళకు ఎండిపోయేది. పశువులను గోరంట్ల సంతకు తోలుకుపోయి అమ్ముకున్నారు. బోర్లలో నీళ్లు అడుగంటాయి. చివరికి తాగేందుకు కూడా ట్యాంకర్ మీద ఆధారపడే స్థితికి వచ్చింది ఊరు. రోజు విడిచి రోజు ట్యాంకర్ వచ్చేది. ఆడవాళ్లు తెల్లవారకముందే బిందెలు వరుసలో పెట్టి కాపు కాసేవాళ్లు.

అంతలో దేశాల మధ్య మాటలు మళ్లీ కలిశాయి. ఎవరు ఎవరికి ఏం ఒప్పుకున్నారో మాకు తెలియదు. ఆగిన సాయం మళ్లీ మొదలైంది. మేస్త్రీ తిరిగొచ్చాడు. గోడ పూర్తయింది. దాని మీద రెండు దేశాల జెండాలతో ఒక బోర్డు పెట్టారు. వాన మాత్రం రాలేదు. గోడ వెనక ఎండిన ఇసుకే.

ఆ మరుసటి వేసవిలో ఒకరోజు ప్రిన్సిపాల్ పిలిచాడు. ఆ దేశం నుంచి ఒక బృందం డ్యాం చూడడానికి వస్తోందని, ఇంగ్లీషూ ఈ ప్రాంతం మాటా రెండూ తెలిసిన మనిషి తర్జుమాకు కావాలని జిల్లా నుంచి అడిగారని చెప్పాడు. మీ వైపు ఊరే కదమ్మా అన్నాడు. నాకు సంతోషమే కలిగింది. పుస్తకంలో చెప్పే విషయం కళ్లతో చూడబోతున్నాననుకున్నాను. గోడ వెనక నీళ్లు లేవన్న సంగతి వాళ్లకు తెలుస్తుందనీ, బావుల తవ్వకానికో మరో దానికో సాయం చేస్తారేమోననీ లోపల ఒక ఆశ కూడా.

ఆ రోజు పొద్దున మొదటి బస్సుకే అత్త ఊరికి చేరాను. వీధి మొగలో ఆడవాళ్లు ఖాళీ బిందెలతో నిలబడి ఉన్నారు. ట్యాంకర్ వచ్చింది. ఆగలేదు. ఇంకోటి వచ్చింది. అదీ ఆగకుండా వంక వైపు మళ్లింది. ఆడవాళ్లతో పాటు నేనూ దాని వెనక నడిచాను.

చెక్ డ్యాం దగ్గర ఐదారు ట్యాంకర్లు వరుసలో ఉన్నాయి. వంక అడుగున ఇసుక పీల్చేసుకోకుండా నల్లటి టార్పాలిన్ పట్టాలు పరిచి, వాటి మీద మట్టి చల్లి, లావాటి పైపులతో నీళ్లు వదులుతున్నారు. చుట్టుపక్కల ఊళ్లకు తాగను పోవాల్సిన ట్యాంకర్లన్నీ అక్కడే ఉన్నాయి. నీళ్ల వాసన పట్టి ఒక కాపరి గొర్రెలు గట్టు మీంచి దూకి పరుగెత్తుకుంటూ వచ్చాయి. హోంగార్డు ఒకడు లాఠీతో వాటిని మూతుల మీద కొట్టి తరిమాడు, నీళ్లు బురదవుతాయని. కాపరి ఏమీ అనలేక ఒక్కొక్క గొర్రెనూ చేతులతో లాక్కుంటూ గట్టెక్కించాడు. నోరెండిన గొర్రె నీళ్ల దగ్గర్నుంచి ఎలా వెనక్కు వస్తుంది? ఈడ్చుకుపోయాడు.

అక్కడి ఏర్పాట్లు చూస్తున్న అధికారి దగ్గరకు పోయి ఇదేమిటని అడిగాను. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. చిరాకు పడలేదు. నాకు నచ్చజెప్పాలనే చూశాడు.

"ఒక్క రోజే కదా మేడం. ఖాళీ డ్యాం చూపిస్తే వాళ్లేమనుకుంటారు? దేశం పరువు కదా."

ఆ మాట విన్నప్పుడు ఒళ్లు మండింది. బిందెలు పట్టుకుని నా వెనక నిలబడ్డవాళ్లు ఏ దేశపు మనుషులో ఆయనను అడగాలనిపించింది. అడిగేలోపే కార్లూ జీపులూ వచ్చాయి.

షామియానా, పూలదండలు, కొబ్బరిబొండాలు. వచ్చినవాళ్లకు పెద్ద, యాభై ఏళ్లు దాటిన ఒకావిడ. చేనేత చీర కట్టుకుని వచ్చింది. ఆమె పక్కన జిల్లా పెద్ద అధికారి కూర్చున్నాడు. ఊరి తరఫున మాట్లాడడానికి ఇద్దరు ఆడవాళ్లకు ముందే మాటలు నేర్పి ఉంచారు. మొదటామె లేచి, డ్యాం కట్టినాక మా బతుకులు మారినాయి అని నేల చూపులతో అప్పజెప్పింది. ఆమె అన్నదే నేను ఇంగ్లీషులో చెప్పాను. ఇక్కడ ఆఖరి వాన ఎప్పుడు పడిందని విదేశీ ఆవిడ ఆమెను అడిగింది. నేను తెలుగులోకి మార్చేలోపే పెద్ద అధికారి ఇంగ్లీషులో జవాబు చెప్పేశాడు. ఈ మధ్య వానలు ఫరవాలేదన్నాడు. ఆ పేదరాలు ఏమైందో తెలియక నిలబడే ఉంది.

అప్పుడు వెనక వరుసలోంచి మా అత్త లేచింది. ఆమె లేస్తుందని నేననుకోలేదు. సంకలో ఖాళీ బిందె అలాగే ఉంది.

"పాపా, ఆయమ్మకు చెప్పు," అంది. "ఇవి మేం తాగే నీళ్లు. పొద్దున మా ఈదికి రావల్సిన ట్యాంకర్లు తెచ్చి ఈడ పోసినారు. మీరు పోయినాక మేం ముంచుకోవచ్చునా అని అడుగు."

పొద్దున ఏర్పాట్లు చూసిన చిన్న అధికారి నా చెవి దగ్గర వంగి, థాంక్స్ చెబుతోందని చెప్పేయండి మేడం అన్నాడు. భయం లేదని చెప్పను. ఏటేటా జూన్‌లో రెన్యూ చేస్తేనే నిలిచే ఉద్యోగం నాది. అయినా అత్త అన్న మాటలను ఒక్కటి తగ్గకుండా ఇంగ్లీషులో చెప్పాను. ట్యాంకర్లు అన్నాను, తాగే నీళ్లు అన్నాను, ముంచుకోవచ్చునా అని అడుగుతోంది అన్నాను.

పెద్ద అధికారి చిన్నగా నవ్వి, ఆ ఆడమనిషికి మతి స్థిమితం లేదని, మొగుడు వదిలేసి పోయాడని విదేశీ ఆవిడకు ఇంగ్లీషులో చెప్పాడు. నన్ను పిలిచింది తర్జుమాకే కదా. ఆయన అన్నది కూడా తెలుగులోకి మార్చి అందరికీ వినిపించేలా చెప్పాను. ఊరి జనంలో గొణుగుడు మొదలైంది. అత్త మాత్రం గొంతు పెంచలేదు.

"పిచ్చి నాకా సామీ?" అంది. "ఎండిన వంకలో నీళ్లు పోసినోళ్లకు గాదా?"

అక్కడితో సభ ముగిసింది. అతిథులను లేపి గోడ దగ్గరకు నడిపించారు. నీళ్లు వెనక కనబడేలా, జెండాల బోర్డు పక్కన నిలబెట్టి ఫోటోలు తీశారు. నీళ్ల మీద గాలికి చిన్న అలలు కూడా లేచాయి. నిజంగా చాలా అందంగా ఉంది.

పోయేటప్పుడు ఆ విదేశీ ఆవిడ నన్ను తన జీపులో ఎక్కమంది. బండి కదిలాక, వచ్చేటప్పుడే దారిలో ట్యాంకర్ల చక్రాల జాడలూ నీటి చారలూ చూశానని చెప్పింది. మీరు చెప్పకపోయినా తెలిసేదే అంది. అయితే ఇది మీ నివేదికలో రాస్తారు కదా అని అడిగాను. ఆమె చాలా నెమ్మదిగా, దయగానే చెప్పింది. తమ దేశంలో ఒక మంత్రి పార్లమెంటులో నిలబడి, బాంబులు పేల్చిన దేశానికి మళ్లీ ఎందుకు సాయం మొదలుపెట్టామో జవాబు చెప్పుకోవాలట. మీది పెద్ద మార్కెట్టు, మీతో తెగదెంపులు చేసుకుని కూర్చోలేం, అందుకు ఈ డ్యాం లాంటి ఏదో ఒక వంతెన కావాలి అంది. మీ ప్రభుత్వానికీ ఆ వంతెనే కావాలి అంది.

"మరి ఆ ఊరికి?" అన్నాను.

"మేం వచ్చింది నీళ్లు ఉన్నాయో లేవో చూడడానికి కాదు," అంది ఆమె. "మీరు ఈ సబ్జెక్టు చెప్పే టీచరు కదా. మీకు తెలియనిదా?"

ఆమె చెడ్డ మనిషైతే నాకు సులువుగా ఉండేది. తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఆమె అబద్ధమాడలేదు, మోసపోలేదు, అవమానించలేదు. అన్నీ తెలిసి, అన్నిటికీ ఒప్పుకుని, ఆ ఫోటో పట్టుకుని పోతోంది. మా వాళ్లు ఆమెను మోసం చేశామని సంబరపడుతున్నారు. ఆమె మోసపోయినట్టు ఉండడానికి ఒప్పుకుంది. రెండు రాజ్యాలూ ఎంత మర్యాదగా ఒకదానికొకటి సాయం చేసుకున్నాయో! ఆ మర్యాద కోసం గొర్రెల మూతులు పగిలాయి. బత్తలపల్లె రాగానే జీపు ఆపించి దిగిపోయాను.

ఆటో పట్టుకుని మళ్లీ అత్త ఊరికి పోయాను. అక్కడ ఇంకో సంగతి తెలిసింది. మర్నాడు పేపర్ల ఫోటోగ్రాఫర్లను తీసుకొస్తున్నారని, అప్పటిదాకా నీళ్లను ఎవరూ ముట్టుకోకూడదని చెప్పి, హోంగార్డును కాపలా పెట్టి పోయారట. ఆ రోజు ఊళ్లో చాలా ఇళ్లలో సంగటి కెలకడానికి కూడా నీళ్లు లేవు. ఉన్నవాళ్లు చెంబుతో కొలిచి పక్కింటికి పోశారు.

తెల్లారేసరికి ఆడవాళ్లంతా బిందెలతో వంక దగ్గరికి పోయారు. నేనూ పోయాను. ఎవరూ పిలుపు ఇవ్వలేదు, ఎవరూ ముందు నడవలేదు. గట్టు మీద హోంగార్డు ఒక్కడే. వద్దమ్మా, నా ఉద్యోగం పోతుంది అని అడ్డం నిలబడ్డాడు. లాఠీ ఎత్తాడు కానీ ఎవరి మీద వేయాలో అతనికి తోచలేదు. పక్క ఊరివాడే, అతనింట్లోనూ ట్యాంకర్ నీళ్లే. అత్త అతని పక్కనుంచి దిగి, వంగి బిందె ముంచింది.

"మీ ఇంట్లో బిందె ల్యాదా అప్పా? తెచ్చుకోపో," అంది అతనితో.

అంతే. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. గుడ్డతో వడగట్టుకుని ముంచుకున్నారు. ముసలివాళ్లు చెంబులతో వచ్చారు. పైన కాపరి గొర్రెలను వదిలాడు. అవి ఈసారి కడుపు నిండేదాకా తాగాయి. కాసేపటికే అడుగున పరిచిన నల్లటి పట్టా బయటపడింది. ఫోటోగ్రాఫర్లు వచ్చేసరికి అక్కడ బురద, గొర్రెల అడుగులు, చిరిగిన టార్పాలిన్ మాత్రమే ఉన్నాయి. వాళ్లలో ఒకాయనకు నేనే జరిగిందంతా చెప్పాను. తల ఊపుతూ విన్నాడు. మర్నాడు అన్ని పేపర్లలో అతిథులు వచ్చిన రోజు తీసిన ఫోటోనే వచ్చింది, నీళ్లతో, జెండాలతో, నవ్వుతున్న మనుషులతో.

శిక్ష ముందు ఊరికి పడింది. ట్యాంకర్ రావడం మానేసింది. డీజిల్ లేదన్నారు, డ్రైవర్ లేడన్నారు. ఊరివాళ్లు కొన్నాళ్లు ఓపిక పట్టి, చివరికి ధర్మవరం రోడ్డు మీద ఖాళీ బిందెలు అడ్డం పెట్టి బస్సులు ఆపారు. ఆ సాయంత్రమే ట్యాంకర్ వచ్చింది. ఆ తర్వాత నా వంతు. జూన్‌లో ప్రిన్సిపాల్ నన్ను కూర్చోబెట్టి, పైనుంచి మాట వచ్చిందమ్మా, ఈ ఏడు మీ పోస్టు లేదు అన్నాడు. ఆయన కళ్లలో బాధ ఉంది. మైసూరుపాకు పంచినప్పుడు పళ్లెం పట్టుకుని తిరిగిందీ ఆయనే. నాకు ఆయన బాధ అక్కర్లేకపోయింది. ఏం తప్పు చేశానో రాసివ్వమన్నాను. రాయలేదు.

గోరంట్లలో ఒక ప్రైవేటు కాలేజీలో చేరాను. అక్కడా అదే పాఠం చెప్పాను. పుస్తకంలో ఉన్నది చెప్పి, ఆ తర్వాత ఆ వంక గురించి కూడా చెప్పేదాన్ని. పరీక్షలో ఇది వస్తుందా మేడం అని పిల్లలు అడిగేవాళ్లు. రాదనేదాన్ని. అయినా వినేవాళ్లు.

కొన్నేళ్లకు ఒక సదస్సుకు పోయాను. సాయం, విదేశాంగ విధానం అని విషయం. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు వచ్చారు. ఒకాయన తెర మీద బొమ్మలు చూపిస్తూ, ఆంక్షల తర్వాత రెండు దేశాల సంబంధాలు ఎలా బాగుపడ్డాయో చెబుతున్నాడు. కరువు నేలను మార్చిన స్నేహం అంటూ తెర మీద ఒక ఫోటో వేశాడు. మా వంకే. నేను లేచి నిలబడ్డాను. ఆ నీళ్లు ఎక్కడివో, ఎవరి నోటి దగ్గర్నుంచి తెచ్చి పోశారో, మర్నాడు ఏం జరిగిందో మొత్తం చెప్పాను. ఆధారం ఉందా అని ఒకరు అడిగారు. నేనే అక్కడ ఉన్నానన్నాను. అధ్యక్షుడు గడియారం చూసుకుని, ఇది విధానాల మీద చర్చ అని, వ్యక్తిగత అనుభవాలు బయట మాట్లాడుకుందామని, ఇప్పుడు టీ అని చెప్పాడు. అందరూ లేచారు. నేను టీ తాగకుండానే బస్టాండుకు వచ్చేశాను.

అప్పటికి అత్త కూడా భూమి బీడు పెట్టి బెంగుళూరులో మామ దగ్గరికి చేరింది. బస్టాండు నుంచే వాళ్ల మేస్త్రీ సెల్లుకు ఫోన్ చేసి పిలిపించమన్నాను. ఆమె వచ్చాక సదస్సులో ఏం జరిగిందో అంతా చెప్పాను. అవతల సిమెంటు మిషన్ తిరుగుతున్న చప్పుడు.

"ఆ పోటోలో నేనుండానా?" అని అడిగింది.

లేవత్తా అన్నాను.

"యాడుంటాను. బిందె పట్టుకోని అడ్డం నిలబడొద్దని నన్ను పక్కకు తోసినారు గదా," అంది. పైన కాంక్రీటు పోస్తున్నారని, మేస్త్రీ కేకలేస్తున్నాడని చెప్పి ఫోన్ ఇచ్చేసింది.

పక్కకు తోశారన్న సంగతి నాకు అంతవరకూ తెలియదు. ఆ రోజు ఆమె చెప్పలేదు, నేను చూడలేదు. బస్సులో ఇంటికి వస్తున్నంతసేపూ ఆ రోజు అక్కడున్న మొహాలు గుర్తు చేసుకుని, తోసినవాడెవడో పోల్చుకోవాలని చూశాను. తేలలేదు. కోపం మాత్రం ఇప్పటికీ తగ్గలేదు. తగ్గాలని కూడా నేను అనుకోవడం లేదు.